రాత్రి రెండింటికి ఎవరు

విజయవాడ ఏలూరు రోడ్డు. పుస్తకాల షాపుల షట్టర్లు దిగుతున్నాయి. రెండో అంతస్తులో, ఒక ప్రచురణ సంస్థ డీటీపీ గదిలో మాత్రం ట్యూబులైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ప్రూఫుల కట్ట కింద పెట్టి ఆ ప్లాస్టిక్ కుర్చీ లాక్కోండి. ఏసీ నీళ్లు కారే చోట బకెట్ పెట్టారు, కాలు తగలకుండా చూసుకోండి. మూలన బల్ల కింద ఉన్న నల్ల డబ్బాయే సర్వరు. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు దాని నుదుటిమీద ఇంకా చెరగలేదు.

ఈ సంస్థ వేసిన పుస్తకాలన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే, అను ఫాంట్లలో కొట్టినవి. ఒక నవల ఫైలు పోయిందంటే మొదటి అక్షరం నుంచి మళ్లీ టైపు చేయించాలి, మళ్లీ మూడు ప్రూఫులు దిద్దించాలి. దిద్దిన పెద్దాయన ఇప్పుడు లేరు. అందుకే రోజూ రాత్రి రెండింటికి ఈ డబ్బా తనంతట తనే పని మొదలుపెట్టి, ఆ రోజు మారిన ఫైళ్లను హైదరాబాద్ కోఠీ బ్రాంచిలో ఉన్న ఇంకో డబ్బాకి పంపాలి. పంపుతోందనే అందరూ అనుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం దేనికోసమో కోఠీ డబ్బాలో వెతికితే, ఉగాది తర్వాతి తేదీ ఉన్న పుస్తకం ఫైలు ఒక్కటీ కనబడలేదు. ఇప్పుడు శ్రావణ మాసం.

కీబోర్డు ముందు కూర్చున్నావిడ ఇలాంటి చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు చూసిపెడుతూ ఉంటుంది. డీటీపీ కుర్రాడు ఆమెను అక్కా అని పిలుస్తాడు. మనమూ అలాగే అందాం.

“ఏం ముట్టుకోలేదక్కా. దానంతటదే ఆగిపోయింది” అన్నాడు కుర్రాడు, ఎవరూ అడక్కముందే.

అక్క జవాబు చెప్పలేదు. క్రాన్ పట్టిక తెరిచింది. ఏ పని ఎన్ని గంటలకి చేయాలో లైనుకొకటి చొప్పున రాసిపెట్టే పట్టిక అది. రెండు గంటల లైను ఉంది, స్క్రిప్టు పేరు ఉంది. ఆ చివర చూడండి, అక్క వేలు పెట్టిన చోట. డెవ్ నల్ అని ఉందా? ఈ పని నోటి నుంచి ఏ మాట వచ్చినా, ఏ తప్పు వచ్చినా గాల్లో కలిపేయమని ఆజ్ఞ అది. క్రాన్ రోజూ మెయిలు పంపి విసిగిస్తోందని ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటారు. ఇన్ని నెలలూ రోజుకొకసారి ఆ డబ్బా తను ఓడిపోయానని చెబుతూనే ఉంది. వినేవాళ్లకి చేరే దారే లేదు.

చిన్న ఆఫీసుల్లోనే ఇలా జరుగుతుందనుకోకండి. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు వేరే సర్వరు అనుకుని అసలు డేటాబేసు సర్వరు మీదే ఫైళ్లు చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలింది. పోనీ బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే అక్కడ ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షను డేటాబేసు వెర్షనుతో కలవక అది ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైనట్టు క్రాన్ మెయిళ్లు పంపుతూనే ఉంది, కానీ వాటికి సరైన సంతకం లేదని అవతలి మెయిల్ సర్వరు తిప్పికొడుతోంది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. ఇదంతా ఆ సంస్థే దాచుకోకుండా రాసి ప్రకటించింది. నా ఉద్దేశంలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పాఠ్యపుస్తకంలా చదవాల్సిన వ్యాసం అది.

అక్క డెవ్ నల్ తీసేసి, ఆ చోట ఒక లాగ్ ఫైలు పేరు రాసింది. ఇంతసేపట్లో ఆమె చేసిన మార్పు ఇదొక్కటే.

కుర్రాడు ఆగలేకపోయాడు. పక్క కంప్యూటర్లో టెర్మినల్ తెరిచి ‘ఎస్‌ఎస్‌హెచ్ కోఠీ’ అని కొట్టాడు. పాస్‌వర్డ్ అడగకుండానే అవతలి డబ్బా తెర వచ్చేసింది.

“చూడక్కా, వెళ్తోంది. కీ బాగానే ఉంది.”

“వెళ్లింది నువ్వు. రాత్రి రెండింటికి వెళ్లేది నువ్వా?”

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఎస్‌ఎస్‌హెచ్ అంటే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాలోకి భద్రంగా దిగే దారి. పాస్‌వర్డ్ లేని ఎస్‌ఎస్‌హెచ్ చెడిపోయిన చోట నూటికి తొంభై గొడవలు ఇక్కడే ఉంటాయని నా నమ్మకం. ఇందులో తాళంచెవులు రెండు ఉంటాయి. ప్రైవేటు కీ ఇక్కడే ఉండిపోతుంది, బయటికి పోదు. పబ్లిక్ కీ మాత్రం అవతలి డబ్బాలో, ఆథరైజ్డ్ కీస్ అనే ఫైల్లో ఒక లైనుగా ఉంటుంది. తలుపు తట్టినప్పుడు ఇవతలి డబ్బా ప్రైవేటు కీతో ఒక సంతకం పెడుతుంది, ఆ సంతకం సరైనదో కాదో అవతలి డబ్బా పబ్లిక్ కీతో సరిచూసుకుంటుంది. దారిలో పాస్‌వర్డ్ ఎక్కడా నడవదు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు పట్టేశారు. దాని తర్వాతే తాతు యులోనెన్ అనే పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశాడు. అప్పటిదాకా వాడిన టెల్నెట్, ఆర్‌ఎస్‌హెచ్ లాంటివి అన్నీ బాహాటంగా పంపేవి. ఇప్పుడు మన డబ్బాల్లో ఉన్నది ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1999లో మొదలుపెట్టిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్.

సంతకం పెట్టేది ఎవరు అన్నదే తేలాలి. అక్క ఒక ప్రూఫు కాగితం తిరగేసి నిలువుగా గీత గీసింది. ఎడమ వైపు పగలు, కుడి వైపు రాత్రి.

పగలు, ఇక్కడ యూజరు కుర్రాడు. కీ అతని హోమ్ ఫోల్డర్లో ఉంది. ఆ కీకి పాస్‌ఫ్రేజ్ కూడా ఉంది, కాకపోతే పొద్దున లాగిన్ అవగానే డెస్క్‌టాప్‌లో ఉన్న కీరింగ్ దాన్ని తెరిచి ఏజెంట్ అనే ప్రోగ్రాము చేతిలో పెడుతుంది, అందుకే అతనికి అది ఉన్నట్టే తెలియదు. కోఠీ అనేది అతని కాన్ఫిగ్ ఫైల్లో ఉన్న ముద్దుపేరు. ఆ పేరు కింద అవతలి అడ్రసూ, పోర్టూ, యూజరు పేరూ రాసి ఉన్నాయి. అంటే అవతల కూడా అతను దిగుతున్నది తన సొంత ఖాతాలోనే.

రాత్రి, ఇక్కడ యూజరు రూట్, అంటే డబ్బా మీద సర్వాధికారాలున్న ఖాతా. కీ రూట్ ఫోల్డర్లోది. ఏజెంట్ లేడు, ఎందుకంటే ఎవరూ లాగిన్ కాలేదు. ముద్దుపేరు తెలియదు. అవతల దిగాల్సింది బ్యాకప్ అనే వేరే ఖాతాలో.

కాగితం చూడండి. రెండు వరసల్లో ఒక్క గడీ కూడా కలవలేదు. కుర్రాడి పరీక్ష వల్ల తెలిసిందల్లా కోఠీకి లైను ఉందనీ, కుర్రాడు మంచివాడనీ.

“మొన్న ఇంకోచోట తమాషా చూశాను” అంది అక్క. “ఆఫీసు నడిచే రోజుల్లో బ్యాకప్ వెళ్లేది, ఆదివారాలు ఆగిపోయేది. అవతలి డబ్బాలో హోమ్ ఫోల్డరు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టారు. ఆథరైజ్డ్ కీస్ కూడా అందులోనే. ఆ యూజరు లాగిన్ అయి ఉన్నంతసేపే ఆ ఫోల్డరు తెరుచుకుని ఉండేది. ఆదివారం ఎవరూ రారుగా.”

ఇక రాత్రి మనిషిలా ప్రవర్తించాలి. క్రాన్ ఒక పనిని నడిపేటప్పుడు మనకున్న హంగులేవీ దానికి ఇవ్వదు. ప్రోగ్రాముల కోసం ఒకటి రెండు ఫోల్డర్లలో మాత్రమే వెతుక్కుంటుంది, మన సొంత సెట్టింగుల ఫైళ్లు చదవదు, ఏజెంట్ ఎక్కడున్నాడో చెప్పే చిరునామా దానికి అందదు. అక్క రూట్‌లోకి మారి, ఉన్న ఎన్విరాన్‌మెంట్ అంతా తుడిచేసి, హోమ్ ఫోల్డరూ దారీ మాత్రం అప్పగించి స్క్రిప్టు నడిపింది. దానికి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి బ్యాచ్‌మోడ్ యెస్ అని కూడా చేర్చింది. పాస్‌వర్డ్ అడగాల్సి వస్తే అడగొద్దు, అక్కడే ఓడిపో అని దాని అర్థం. అర్ధరాత్రి జవాబు చెప్పేవాళ్లుండరు కాబట్టి.

తెర మీద అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అట్ గుర్తులు వరసకట్టాయి. వాటి మధ్య పెద్ద అక్షరాల్లో ‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్’. కింద ఇంకో లైను, ఎవరో పాడుపని చేస్తూ ఉండొచ్చు అని.

అవతలి డబ్బాకి కూడా ఒక గుర్తింపు కీ ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు దాన్ని నోన్ హోస్ట్స్ అనే ఫైల్లో రాసుకుంటాం. తర్వాత అది మారితే ఎస్‌ఎస్‌హెచ్ గడప దాటదు. కుర్రాడి ఫైల్లో కొత్త గుర్తింపు ఉంది, అది మారాకే మొదటిసారి వెళ్లి, అడిగితే యెస్ కొట్టేసి ఉంటాడు. రూట్ ఫైల్లో పాతదే ఉంది.

“ఆ చెకింగ్‌కి నో పెట్టేస్తే పోతుందక్కా. చాలామంది అదే చెప్తారు.”

“పెడితే ఏమవుతుందో చెప్పు.”

“మన కీ ఎవడైనా కొట్టేస్తాడా?”

“కీ కొట్టేయలేడు. అది బయటికే పోదుగా. కానీ మధ్యలో ఒకడు నేనే కోఠీ అని కూర్చుంటే, మన సంతకం సరైనదో కాదో వాడికెందుకు? ఎవరొచ్చినా రండి రండి అంటాడు. మన ఫైళ్లన్నీ తీసుకుని, అందాయి సార్ అని రసీదు ఇస్తాడు. మన లాగ్‌లో అంతా పచ్చగా ఉంటుంది.”

కుర్రాడు ఇంకేం మాట్లాడలేదు. అక్క కోఠీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. బ్రాంచి చూసే ఆయన ఇంకా షాపులోనే ఉన్నాడు.

“చెప్పుండ్రి మేడమ్.”

“అన్నా, అక్కడ డబ్బా ఏమైనా మార్చారా?”

“అవ్ మేడమ్. పాతది ఖరాబైంది. ఉగాది ముంగట కొత్తది పెట్టిన్రు. పాత హార్డ్ డిస్కు నుంచి అంత కాపీ చేసిన్రు. మీకెవ్వలు చెప్పలేదా?”

అక్క మన వైపు చూసింది. కుర్రాడు ప్రూఫుల వైపు చూశాడు.

“సరే అన్నా, కీబోర్డు ముందు కూర్చోండి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టండి.”

డబ్బా గుర్తింపు కీకి ఒక వేలిముద్ర ఉంటుంది. షా256 అని మొదలై, వెనక నలభై మూడు అక్షరాలు, అంకెలు, గుర్తులు కలగాపులగంగా. కోఠీ డబ్బా తన తెర మీద తను చూపించేదీ, ఇక్కడి నుంచి వెళ్తే మనకు కనబడేదీ ఒకటే కావాలి. ఒకటే అయితే మధ్యలో ఎవరూ లేనట్టు. అది తేలేదాకా అక్క అటు ఏ పాస్‌వర్డూ కొట్టదు.

“చదవండి అన్నా, నిదానంగా.”

“పెద్ద ఎన్. చిన్న టి. ఏడు. ప్లస్ గుర్తు. చిన్న వి. మల్ల ఇంకో చిన్న వి.”

“రెండు వీలేనా? డబ్ల్యూ కాదుగా?”

“రెండు వేర్వేరుగున్నయి మేడమ్. ఇగ గుండ్రంది ఒకటి.”

“సున్నానా, ఓనా?”

“గుండ్రంగుంది మేడమ్.”

“మధ్యలో చుక్క గానీ గీత గానీ ఉందా?”

“ఉంది, చుక్కుంది.”

“అయితే సున్నా. పదండి.”

ఇలాగే చివరిదాకా. అక్క కర్సర్‌తో ఒక్కో అక్షరం దాటుకుంటూ వచ్చింది. చివరి నాలుగూ చూసి సరిపెట్టుకోవడం చాలామందికి అలవాటు. మొదట్లోనూ చివర్లోనూ కలిసేలా నకిలీ కీ తయారుచేయడం అసాధ్యమేం కాదు, కాస్త ఓపిక ఉంటే చాలు. అందుకే మొత్తం చదివించింది. కలిసింది. రూట్ ఫైల్లో పాత గుర్తింపు తీసేసి కొత్తది చేర్చింది.

స్క్రిప్టు మళ్లీ నడిపింది. ఈసారి ఒకే లైను. పర్మిషన్ డినైడ్.

కుర్రాడి మొహం వాడింది. అక్క మొహం మాత్రం కొంచెం వికసించినట్టే ఉంది. తప్పు మారిందంటే ఒక అడుగు ముందుకేసినట్టేనని ఈ పనిలో ఉన్నవాళ్ల లెక్క.

రూట్ ఫోల్డర్లో ఉన్నది పాత ఆర్‌ఎస్‌ఏ కీ. ఎప్పటిదో, ఇంకెన్ని చోట్ల వాడారో తెలియదు. పాత కీ అనగానే ఇంకో అనుమానం కూడా వస్తుంది. 2021లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా1తో పెట్టే పాతరకం ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మామూలుగా ఒప్పుకోవడం లేదు. ఒకవైపు డబ్బా మరీ పాతది, రెండోవైపు కొత్తది అయితే నిన్నటిదాకా పనిచేసిన కీ ఒక అప్‌డేట్‌తో చెల్లకుండా పోతుంది. అక్క రెండు వైపులా వెర్షన్లు చూసింది, ఇక్కడ ఆ గొడవ లేదు. అయినా ఈ ఒక్క పనికే అని కొత్తగా ఈడీ25519 కీ చేయించింది, పాస్‌ఫ్రేజ్ లేకుండా. తన అడ్మిన్ ఖాతాలో పాస్‌వర్డ్‌తో కోఠీలో దిగి, బ్యాకప్ ఖాతా ఆథరైజ్డ్ కీస్‌లో పబ్లిక్ కీ అతికించింది. అతికించాక ఫైల్లో ఎన్ని లైన్లున్నాయో లెక్క చూసింది. చిన్న కిటికీలోంచి కాపీ చేస్తే ఒక కీ రెండు లైన్లుగా విరుగుతుంది, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, పనిచేయదు. ఇది విరగలేదు.

మళ్లీ పర్మిషన్ డినైడ్.

ఇప్పుడు మైనస్ వి. ఏం జరుగుతోందో ఎస్‌ఎస్‌హెచ్ తనలో తను గొణుక్కునేది పైకి అనమనడం. లైన్లు జలజలా రాలాయి. అక్క చూస్తున్నది రెండే. ఒకటి, ఫలానా కీ చూపిస్తున్నాను అన్నది. దాని వెంటనే, ఇంకా ఈ పద్ధతులు ప్రయత్నించవచ్చు అన్నది. సర్వరు కీ ఒప్పుకుంది అనే లైను ఆ మధ్యలో రావాలి, రాలేదు. అంటే సరైన కీయే చూపించాం, అవతల అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇటువైపు ఎంత గుచ్చినా తెలియదు. మైనస్ వి మూడుసార్లు కొట్టినా అంతే. తలుపు బయట ఉన్నవాడికి కారణాలు చెప్పకూడదని సర్వరుకి నియమం. చెబితే దొంగకి దారి చెప్పినట్టవుతుంది.

కారణం లోపలి లాగ్‌లో ఉంటుంది. చాలామంది ఇది తెలియక ఇవతలి వైపే కూర్చుని కీల మీద కీలు తయారుచేస్తుంటారు. ఉబుంటులాంటి వాటిలో ఆథ్ లాగ్, రెడ్‌హ్యాట్ వంశంలో సెక్యూర్ అనే ఫైలు, కొత్తవాటిలో జర్నల్. అక్క కోఠీ లాగ్‌ను ఒక కిటికీలో పారేలా పెట్టి, ఇంకో కిటికీలో స్క్రిప్టు నడిపింది. ఒక లైను రాలింది. ‘ఆథెంటికేషన్ రెఫ్యూజ్డ్’ అని మొదలై, బ్యాకప్ ఖాతా హోమ్ ఫోల్డరు పర్మిషన్లు బాగాలేవని చెప్పి ముగిసింది.

ఆ ఫోల్డరు పర్మిషన్లు చూసింది. ఏడు, ఏడు, ఏడు.

“అన్నా, ఆ బ్యాకప్ ఫోల్డరుకి ట్రిపుల్ సెవెన్ పెట్టారా?”

“అవ్ మేడమ్. షాపుల విండోస్ కంప్యూటర్ కెళ్లి బిల్లుల ఫైళ్లు అండ్ల పడుతలేవంటే, పెట్టినాయన గట్ల చేసిండు. అప్పటి సంది మంచిగ పడుతున్నయి.”

మంచిగానే పడతాయి. ట్రిపుల్ సెవెన్ అంటే ఆ డబ్బాలో ఎవరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ ఫోల్డర్లో ఏదైనా రాయొచ్చు. దానికీ కీకీ సంబంధమేంటని కుర్రాడి అనుమానం. లోపలున్న డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరుకి 700, కీస్ ఫైలుకి 600, రెండూ పద్ధతిగానే ఉన్నాయి. కానీ పై ఫోల్డర్లో రాసే హక్కున్నవాడు లోపలి ఫోల్డరు పేరు మార్చేసి, అదే పేరుతో తన ఫోల్డరు, అందులో తన కీ పెట్టుకోవచ్చు. బీరువాకి మంచి తాళం వేసి వెనక రేకు ఊడదీసి ఉంచినట్టు. సర్వరు అందుకే కీస్ ఫైలుతో ఆగకుండా హోమ్ ఫోల్డరు దాకా ఒక్కో మెట్టూ చూసుకుంటుంది. ఎక్కడైనా యజమాని కానివాళ్లకి రాసే హక్కు కనిపిస్తే ఆ ఫైలునే నమ్మదు. స్ట్రిక్ట్‌మోడ్స్ అనే సెట్టింగు చేసే పని ఇది.

“దానికీ నో అని పెట్టొచ్చటక్కా.” కుర్రాడు ఫోన్లో చూస్తున్నాడు.

“ఇంకోసారి నో అన్నావంటే ఆ ఫోను బకెట్లో వేస్తా.”

హోమ్ ఫోల్డరుకి 750 పెట్టింది. బిల్లుల ఫైళ్లకి వేరే చోట వేరే ఫోల్డరు చేసి విండోస్ షేరింగ్ అటు మళ్లించింది. అవతల అన్న ఒక ఫైలు వేసి చూసి, పడిందన్నాడు. ఇది చేయకుండా పర్మిషన్లు మాత్రం సరిదిద్దితే రేపు పదకొండింటికల్లా కోఠీలో ఎవరో మళ్లీ ట్రిపుల్ సెవెన్ కొడతారు. అవతల రెడ్‌హ్యాట్ తరహా డబ్బా అయితే పర్మిషన్లు సరిగ్గా ఉన్నా ఎస్‌ఈలినక్స్ లేబుల్ తేడా వచ్చి ఇదే కథ జరగొచ్చు. దాన్ని రిస్టోర్‌కాన్ అనే కమాండు సరిచేస్తుంది.

స్క్రిప్టు మళ్లీ. లాగ్‌లో, పబ్లిక్ కీ ఒప్పుకున్నాను అన్న లైను. కుర్రాడు చప్పట్లు కొట్టబోయాడు. ఇటు తెర మీద, స్క్రిప్టులో ఫైళ్లు మోసే ప్రోగ్రాము ఆర్‌సింక్ అడుగుతోంది, ప్రోటోకాల్ కలవడం లేదు, నీ షెల్ శుభ్రంగా ఉందా అని. ఇది అక్కకి క్షణం పని. కొత్త డబ్బా పెట్టినాయన సరదాపడి బ్యాకప్ ఖాతా బ్యాష్ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో అన్నిటికన్నా పైన సుస్వాగతం అని పలికే లైను రాశాడు. ఆర్‌సింక్ రెండు వైపులా తమ భాషలో మాట్లాడుకోబోతే మధ్యలో ఈ సుస్వాగతం వచ్చి పడుతోంది. ఆ లైను తీసేసింది.

ఫైళ్ల పేర్లు పైకి జరగడం మొదలైంది. ఉగాది నుంచి ఇప్పటిదాకా ఉన్న బకాయి అంతా. ఆర్‌సింక్‌ను 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ రాశారు. మారిన ఫైల్లో కూడా మారిన ముక్కలే పంపడం దాని ఘనత. మొత్తం పుస్తకంలో ముందుమాట ఒక్కటే మారితే ఆ పుస్తకం అంతా లైను మీద మళ్లీ నడవదు. కోఠీ లైను వేగానికి ఇది లేకపోతే తెల్లారిపోయేది.

అవి వెళ్తుండగా అక్క ఇంకో పని పెట్టుకుంది. పాస్‌ఫ్రేజ్ లేని కీ ఒకటి ఈ డిస్కు మీద పడి ఉంది, దాన్ని ఎవరు ఎత్తుకుపోయినా కోఠీలోకి నడిచి వెళ్లొచ్చు. ఆథరైజ్డ్ కీస్‌లో ఆ లైను ముందు మూడు మాటలు చేర్చింది. ఈ కీ ఫలానా ఐపీ అడ్రసు నుంచి వస్తేనే పట్టించుకో. రిస్ట్రిక్ట్, అంటే టెర్మినల్, ఫార్వర్డింగ్ లాంటివేవీ ఇవ్వకు. ఇక వచ్చినవాడు ఏ కమాండు అడిగినా అది కాక ఆర్‌ఆర్‌సింక్ అనే కాపలా స్క్రిప్టునే, ఈ ఒక్క ఫోల్డరు మీదే నడుపు. తర్వాత అదే కీతో కోఠీలో మామూలుగా లాగిన్ కాబోయి చూసింది. లోపలికి రానిచ్చి, ఆర్‌సింక్ తప్ప ఇంకేదీ కుదరదని బయటికి పంపేసింది.

నన్నడిగితే ఇంత చేసినా చాలదు. ఈ డబ్బాలోకి ఫైళ్లకు తాళాలేసి డబ్బడిగే వైరస్ ఏదైనా దిగితే, రాత్రి రెండింటికి మన స్క్రిప్టు ఆ చెడిపోయిన ఫైళ్లనే బుద్ధిగా కోఠీకి చేరుస్తుంది. అక్కకీ తెలుసు. కోఠీలో రోజుకో తేదీతో ఫోల్డరు మిగిలేలా, వాటిని ఈ కీ తాకలేని చోట ఉంచేలా అప్పటికే ఒక స్క్రిప్టు రాస్తోంది. మారని ఫైళ్లకి హార్డ్ లింకులే కాబట్టి డిస్కు పెద్దగా తినదు.

బకాయి తీరింది. క్రాన్‌లో గంట మార్చి ఇంకో నాలుగు నిమిషాల్లో నడిచేలా పెట్టింది. చేత్తో నడిపింది ఎంత బాగా నడిచినా లెక్కలోకి రాదు. అందరూ కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. నాలుగు నిమిషాల తర్వాత లాగ్ ఫైల్లో మొదటి లైను పడింది, కాసేపటికి చివరి లైను. కోడ్ సున్నా. ఆర్‌సింక్ సున్నా అంటే బాగా జరిగినట్టు. ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరే తెగిపోతే 255 వస్తుంది.

ఇంటికి వెళ్లిపోవచ్చు అనుకుంటున్నారా? కుర్రాడూ అదే అనుకుని బ్యాగు తీశాడు. అక్క స్క్రిప్టు చివర ఇంకో ముక్క రాసింది. సున్నా కానిది ఏదొచ్చినా ఆఫీసు టెలిగ్రామ్ గ్రూపులోకి ఒక మెసేజి పోవాలి. రాశాక, ఇందాకటి నుంచి అంత కష్టపడి నిలబెట్టిన దాన్ని కావాలనే పడగొట్టింది. ప్రైవేటు కీ ఫైలుకి 644 పెట్టింది, అంటే అందరూ చదవొచ్చని. క్రాన్‌లో గంట మళ్లీ ముందుకు జరిపింది.

ఈసారి లాగ్‌లో మళ్లీ అట్ గుర్తుల వరసలు. ప్రైవేటు కీకి రక్షణ లేదు, ఈ కీని లెక్కచేయను అని. దాని కింద పర్మిషన్ డినైడ్, ఇంకా కింద 255. కుర్రాడి ఫోను టింగుమంది. వెంటనే అక్క ఫోను మోగింది. ప్రొప్రైటర్ గారు.

“ఏంటమ్మా, గ్రూపులో బ్యాకప్ ఫెయిల్ అని ఎర్రగా ఏదో వచ్చింది? అవ్వలేదా ఇంకా?”

“అయిందండీ. ఆగిపోతే మీకు తెలుస్తుందా లేదా అని మేమే ఆపి చూశాం.”

“ఆపి చూడ్డమేంటమ్మా! గుండె ఆగినంత పనైంది. మరి రోజూ వస్తుందా ఇది?”

“ఆగిన రోజే వస్తుందండీ.”

కీకి 600 తిరిగి పెట్టింది. ఇంకోసారి నడిపింది, సున్నా. గంట రెండుకి మార్చింది. కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లి ఆగాడు.

“అక్కా, ఫెయిలైతే ఈ డబ్బాయే కదా మెసేజి పంపేది. ఈ డబ్బాయే ఆరిపోతే?”

అక్క కుర్చీ తిప్పి అతన్ని చూసింది. ఈ పూట అతను అడిగిన వాటిలో ఆమెకి నచ్చింది ఇదొక్కటే అనుకుంటా. ఫోను తీసి కోఠీ నంబరు నొక్కింది.

“అన్నా, షట్టర్ వేసేశారా? లేదా? ఇంకొక్క పని ఉంది. ఇటు నుంచి ఒకటిన్నర రోజుగా ఏ ఫైలూ రాకపోతే మీ డబ్బాయే మాకు చెప్పాలి. కీబోర్డు ముందు కూర్చోండి.”